కంటికీ అద్దానికీ మధ్య

డ్రైవరు బస్సు దిగి ఏడాది దాటినా అందరూ అతన్ని డ్రైవరనే పిలిచేవాళ్ళు. డిపోలో అదే పిలుపు, వీధిలో అదే పిలుపు. కోపం వస్తే భార్య కూడా, "డ్రైవరుగారూ, తమరు కాస్త కిందికి దిగి ఈ చెత్తబుట్ట ఖాళీ చేసి వస్తారా?" అనేది. ఆ పిలుపంటే అతనికి ఇష్టమే. కాని విన్నప్పుడల్లా లోపల ఎక్కడో సన్నగా గుచ్చుకునేది.

ఇదంతా కళ్ళ వల్ల వచ్చిన తిప్పలు. ఏళ్ళ తరబడి ఎండా దుమ్మూ కొట్టి కొట్టి రెండు కళ్ళ మూలల్లోనూ కండ పెరిగింది, మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకింది. ఆపరేషను చేసి తీసేశారు గాని అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. "కంటి ముందు పొర బంతిలా గుండ్రంగా ఉండాలండీ. మీది చెంచా వీపులా ఒకపక్కకి సాగిపోయింది," అని కళ్ళ డాక్టరమ్మ మందపాటి అద్దాలు రాసిచ్చింది. వాటితో పగలు బాగానే ఉండేది. పేపరు చదివేవాడు, సూదిలో దారం కూడా ఎక్కించేవాడు. చీకటి పడితే మాత్రం ఎదురొచ్చే ప్రతి దీపమూ ఎంతో కొంత సాగి ఈటెలా కనబడేది. పరీక్ష చేసినవాళ్ళు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. అప్పటినుంచి అతని పని డిపో ఆఫీసు గదిలో, మైకు ముందు. ఏ బస్సు ఎక్కడికి వచ్చి ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో చెప్పడం.

అతని బావ, అంటే అక్క మొగుడు, సోఫాలూ మంచాలూ అమ్మే షాపు నడుపుతాడు. మనిషి వెన్న, నోరు మాత్రం పెద్దది. బావమరిది ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చుంటున్నాడని విని ఒక సాయంత్రం పొడుగాటి అట్టపెట్టె ఒకటి చంకన పెట్టుకుని, అక్కని వెంటబెట్టుకుని వచ్చాడు. అందులో టెలిస్కోపు ఉంది. మొదటిసారి ఆకాశం చూసేవాళ్ళ కోసం చేసిన చిన్నది: తెల్లటి గొట్టం, మూడుకాళ్ళ స్టాండు, కన్ను ఆనించి చూడటానికి బొటనవేలంత లావున్న రెండు ఐపీసులు. ఒకటి తక్కువ పెద్దది చేసి చూపిస్తుంది, ఇంకొకటి ఎక్కువ.

"రోడ్డు చూడొద్దన్నారు గాని ఆకాశం చూడొద్దని ఎవరూ అనలేదుగా!" అన్నాడు బావ.

అందరూ మేడెక్కారు. డ్రైవరు కూతురు మందుల షాపులో పనిచేస్తుంది, ఫోనులో ఏ చుక్క ఎక్కడుందో చూసి చెప్పే పని తను తీసుకుంది. "అదిగో మావయ్యా, ఆ పసుపుపచ్చది. శని."

"ఉన్న శని చాలదా, వెతుక్కుని మరీ చూడాలా?" అంది డ్రైవరు భార్య. అన్నదే గాని, చూడటానికి వరసలో ముందు నిలబడింది తనే. ఐపీసుకి కన్ను ఆనించి ఒక్కసారిగా, "అమ్మో, నిజంగానే ఉందే ఉంగరం!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కూతురు చూసింది, అక్క చూసింది. బట్టలు తీసుకుపోదామని వచ్చిన కింది వాటా ఆవిడ కూడా బట్టలు భుజాన వేసుకునే చూసి, "ఎవరో చెక్కి పెట్టినట్టుంది," అని దిగిపోయింది.

డ్రైవరు వంతు వచ్చింది. కళ్ళద్దాలతో వంగితే అద్దం వెళ్ళి ఐపీసు అంచుకి టక్కున కొట్టుకుంది. తలుపు తాళంకన్నంలోంచి గదంతా చూడాలన్నట్టుంది వ్యవహారం. చీకట్లో ఏదో మెరుపు, అంతలో మాయం. కళ్ళద్దాలు తీసి చూశాడు. మసక. ఫోకస్ మర అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎంత తిప్పినా గోడ మీద తడివేలితో రుద్దిన సున్నం చారలా ఉంది తప్ప గుండ్రం లేదు, ఉంగరం లేదు.

"ఎలా ఉంది బామ్మర్దీ?" అన్నాడు బావ, మొహం చేటంత చేసుకుని.

"బాగుంది," అన్నాడు డ్రైవరు.

అందరూ వెళ్ళిపోయాక భార్య పక్కలు సర్దుతూ, "కనబడలేదు కదూ?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఏదైనా నచ్చితే మీరు ఒక్క ముక్కతో ఊరుకుంటారా? చెవులు చిల్లులు పడేదాకా చెప్పరూ?"

అతను దీపం ఆర్పాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. కింది వాటా ఆవిడకి కనబడింది తనకి కనబడలేదన్న బాధ కాదది. బస్సు వదిలేసిన రోజు కూడా ఇంత ఉక్రోషం రాలేదు. అప్పుడు జనం ప్రాణాలు తన చేతిలో ఉన్నాయి కాబట్టి సరేనన్నాడు. ఇక్కడ ఎవరి ప్రాణం మీదికీ వచ్చేది లేదు. ఇక్కడ కూడా కన్ను లేదంటే ఒప్పుకునేది లేదు. చూసి తీరాలి అనుకున్నాడు. ఇంకెవరో చూసి చెబితే వినడం కాదు, తన కళ్ళతో తను చూడాలి.

మర్నాడు సాయంత్రం ఒక్కడే మేడెక్కాడు. ఆ తర్వాతి సాయంత్రం కూడా. బస్సుకి ఏదైనా రోగం వస్తే మెకానిక్కుని పిలిచే ముందు తనే చప్పుడు విని ఎక్కడుందో పట్టుకునే అలవాటు అతనిది. ఇక్కడా అదే పద్ధతి పెట్టుకున్నాడు. ముందు తేల్చుకోవాల్సింది, తప్పు టెలిస్కోపుదా, తనదా. కళ్ళద్దాలు తీసి, ఐపీసులోకి చూస్తూ తల మెల్లగా పక్కకి వంచాడు. శని గ్రహపు చార కూడా తలతోపాటే వంగింది. తల నిటారుగా పెడితే చారా నిటారుగా నిలబడింది. అంటే గొట్టంలో దోషం లేదు. చార ఉన్నది తన కంట్లోనే. ఫోకస్ మర ఎంత తిప్పినా పోయేది కాదది. దాన్ని సరిచేసేవి తన కళ్ళద్దాలొక్కటే, కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకునే చూడాలి. పెట్టుకుంటే కన్ను ఐపీసు దగ్గరికి చేరదు. చిక్కుముడి అక్కడుంది.

దగ్గరికి చేరడానికి అతను చేయని ప్రయత్నం లేదు. ముక్కు నలిగింది, కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగిలి చెమ్మ పట్టింది. ఒకరోజు గట్టిగా నొక్కేసరికి ఐపీసు ఇనుప అంచు తగిలి కళ్ళద్దం మీద గోరంత గీత పడింది.

"బాగుంది వరస!" అంది భార్య ఆ గీత చూసి. "శని మీకు కనబడలేదు గాని, మీరు మాత్రం శనికి బాగానే కనబడ్డారు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంకోసారి మేడెక్కాడు.

ఆ వారం చివర్లో బావ వచ్చాడు. వస్తూనే, "ఏం బామ్మర్దీ, రోజూ చూస్తున్నావా?" అని అడిగాడు. డ్రైవరు ఇక దాచదలుచుకోలేదు.

"బావా, నిజం చెబుతాను, ఏమనుకోకు. ఆ రోజు నాకేం కనబడలేదు."

"అదేంటి! బాగుందన్నావుగా?"

"నీ మొహం చూసి అన్నాను."

బావ మొహం వాడిపోయింది. అంతలోనే తేరుకున్నాడు. ఓడిపోయానని ఒప్పుకునే రకం కాదు అతనూ. "నాకు తెలుసు. పవరు చాలట్లేదు. నీ కంటికి తగ్గ పవరు పెట్టించాలి," అని అక్కడికక్కడే ఫోను తీసి ఇంకో ఐపీసుకి ఆర్డరు పెట్టి, రెండు రోజులకి పట్టుకొచ్చాడు. ఆరువందల రెట్లు పెద్దది చేసి చూపిస్తుందని పెట్టె మీద బంగారు రంగు అక్షరాలున్నాయి. పక్కనే ఏ టెలిస్కోపులోనూ కనబడనంత రంగుల్లో శని బొమ్మ.

ఆ ఐపీసుని చేతిలోకి తీసుకోగానే డ్రైవరుకి అనుమానం వచ్చింది. పైనున్న గాజు కందిగింజంత. దానికి కన్ను ఆనించడమంటే సూది బెజ్జంలోకి చూడటమే. అయినా తెచ్చిన మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టి పెట్టి చూశాడు. చూడబోతే చీకటి. స్టాండు మీద వేలు తగిలితే చాలు, ఆకాశమంతా భూకంపం వచ్చినట్టు ఊగింది. శని ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో అంతు చిక్కలేదు. బావ తను చూపిస్తానని వంగాడు. అరగంట కుస్తీ పట్టి, నడుం పట్టుకుని లేచి, "మోసం! పచ్చి మోసం!" అని పెట్టెని తిట్టిపోశాడు.

"దాన్నెందుకు తిడతావు బావా? నువ్వు తెచ్చినందువల్ల ఒకటి తేలింది," అన్నాడు డ్రైవరు. "పవరు పెంచితే పనవదు. నాకు కావాల్సింది పెద్దగా చూపించేది కాదు, దూరంనుంచి చూడనిచ్చేది."

"అలాంటిది ఉంటుందా?"

"ఉంటుందో లేదో కనుక్కుంటాను."

డిపో ఎదురు సందులో కెమెరాలు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. ఫోనులొచ్చాక కెమెరాలు తెచ్చేవాళ్ళు తగ్గారు. దుర్భిణులూ, మైక్రోస్కోపులూ, గాజు ముక్క ఉన్నదేదైనా సరే బాగుచేస్తూ బతుకు లాగిస్తున్నాడు. డ్రైవరు భోజనం వేళలో మూడు ఐపీసులూ జేబు రుమాలులో మూటగట్టుకుని వెళ్ళి, కథంతా మొదటినుంచి చెప్పాడు. ఆయన నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని అంతా విన్నాడు. విని, ఒక తెల్లకాగితం ముక్క తీశాడు.

"అదిగో, ఆ దూరంగా ఉన్న కిటికీ చూశారా? చూడండి ఇప్పుడు." ఆయన ఒక ఐపీసుని, టెలిస్కోపులో దూర్చే వైపు కిటికీకి ఎదురుగా వచ్చేట్టు పట్టుకున్నాడు. కన్ను ఆనించే వైపు కాగితం పెట్టి ముందుకీ వెనక్కీ జరిపాడు. ఒకచోట కాగితం మీద బుల్లి కిటికీ, తలకిందులుగా, చువ్వలతో సహా స్పష్టంగా పడింది. "ఇంచుమించు ఇక్కడ, ఈ కాగితం ఉన్నచోట, మీ కన్ను ఉండాలి. ఇంతకంటే వెనక్కి జరిగితే అంచులు మూసుకుపోతాయి, తాళంకన్నంలోంచి చూసినట్టే."

డ్రైవరు కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూశాడు. కాగితం దాదాపు గాజుకి అంటుకునే ఉంది. రెండోదానికీ అంతే. బావ తెచ్చిన దాంట్లో అయితే కాగితం పెట్టడానికే సందు లేదు.

"అన్నీ ఇలాగే ఉంటాయా?"

"ఉండవు. కళ్ళద్దాల వాళ్ళ కోసమని వేరే చేస్తారు. లోపల గాజులు ఎక్కువ, బరువు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. నా దగ్గర లేవు. పెద్ద బజారులో దుర్భిణుల షాపు ఉందిగా, అక్కడ అడగండి. అడిగితే వాళ్ళు ముందు పవరు గురించే చెబుతారు. మీరు మాత్రం ఈ కాగితం వదలకండి."

"మరి నాకెంత దూరం కావాలో ఎలా తెలుస్తుంది?"

"అది మీ ముక్కునడగాలి," అని నవ్వాడాయన. "కళ్ళద్దాలు పెట్టుకుని, కంటికీ అద్దం బయటి ముఖానికీ మధ్య ఎంతుందో కొలిపించుకోండి."

ఆ సాయంత్రం వంటగది దీపం కింద డ్రైవరుని కుర్చీలో కూర్చోబెట్టి, భార్య కూతురి చిన్నప్పటి స్కేలు పట్టుకుని పక్కనించి కొలిచింది. కణత దగ్గర స్కేలు ఆనించి, ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టి ఎంతో శ్రద్ధగా చూసింది.

"రెప్ప కొట్టకండి."

"కొట్టట్లేదు."

"కొడుతున్నారు. ఊపిరి కూడా పీల్చకండి కాసేపు."

"ఏకంగా పాడె కట్టెయ్, కదలకుండా పడుంటాను."

"ఛీ, ఏం మాటలవి!" అని నెత్తిన స్కేలుతో ఒకటి వేసి, మళ్ళీ మొదటినుంచి కొలిచింది. చిటికెన వేలు వెడల్పు కంటే కాస్త ఎక్కువ తేలింది. డ్రైవరు పెన్సిలు చెరిపే రబ్బరు ముక్క ఒకటి తీసుకుని సరిగ్గా ఆ మందానికి బ్లేడుతో కోశాడు. వంకరొచ్చిందని ఇంకొకటి కోశాడు. కోసిన రబ్బరు ముక్కా, తెల్లకాగితమూ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అప్పటికి ఆకాశంలో ఇంకో తొందర మొదలైంది. తొలి సాయంత్రం పడమట కాస్త పైనే ఉన్న శని ఇప్పుడు పొద్దుగూకేసరికే కిందికి వాలుతోంది. "ఇంకొన్ని రోజులు పోతే సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది నాన్నా," అంది కూతురు. "తర్వాత సాయంత్రాలు కనబడాలంటే మళ్ళీ ఏడాది చివరికే. అప్పుడు చూద్దువుగానిలే, తొందరేముంది?"

"నాకుంది తొందర," అన్నాడతను. కళ్ళకి ఆపరేషను జరగకముందు కూడా డాక్టరమ్మ, చూద్దాం, ఏడాది ఆగి చూద్దాం అనే అంది. ఆగి ఏం బావుకున్నాడు?

సెలవు రోజు పొద్దున్నే పెద్ద బజారుకి బస్సెక్కాడు. అది తను చాలాకాలం నడిపిన రూటే. ఏ మలుపులో గేరు మార్చాలో కాలికి ఇంకా గుర్తుంది. మొదటి మలుపులో తెలీకుండానే కాలు నేలని నొక్కింది. పక్కన కూర్చున్నాయన వింతగా చూశాడు. డ్రైవరు కాళ్ళు సీటు కిందికి ముడుచుకుని, జేబులో రబ్బరు ముక్కని తడుముకుంటూ దిగేదాకా అలాగే కూర్చున్నాడు.

షాపాయన చలాకీ మనిషి. "టెలిస్కోపు ఎంతది? పవరెంత కావాలి?" అంటూ మొదలుపెట్టాడు.

"పవరు సంగతి తర్వాత. మీ షాపులో ఉన్నవన్నీ ఒకసారి ఇలా పెట్టండి. దూరంగా కనబడే కిటికీ ఎక్కడుంది?"

"కిటికీ ఎందుకండీ?"

డ్రైవరు కాగితం తీశాడు, రబ్బరు తీశాడు. షాపాయన చూపు మారింది. తిక్కమనిషి దొరికాడనుకున్నాడు గాని బేరం లేని వేళ కావడంతో, ట్రే తెచ్చి ముందు పెట్టాడు. డ్రైవరు ఒక్కొక్కటే కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. గాజు మీద రబ్బరు నిలబెట్టి, దాని వెనకాల కాగితం పెట్టి, బుల్లి కిటికీ ఎక్కడ పడుతుందో చూశాడు. మొదటిది, లేదు. రెండోది, లేదు. తళతళలాడేదొకటి కంటికి నచ్చింది గాని రబ్బరుకి నచ్చలేదు. షాపాయన కూడా మెల్లగా పనిలో పడ్డాడు. తనే ఒకటి అందిస్తూ, "ఇది కూడా చూడండి," అనేవాడు, మెడ చాచి కాగితంకేసి చూసేవాడు. "అబ్బే, ఇదీ కాదు," అని తనే పెదవి విరిచేవాడు.

ట్రే ఖాళీ అయింది. ఏదీ కుదరలేదు.

"ఇంకేం లేవా?"

"లేవండీ. ఉన్నవన్నీ చూశారు."

"అద్దాల బీరువాలో పైన ఆ నల్లది?"

"అది... చాలా బరువండీ. మీ చిన్న టెలిస్కోపుకి పెద్దదయిపోతుందని చెప్పలేదు. ఖరీదు కూడా."

"దించండి."

అది పొట్టి బుంగలా లావుగా ఉంది. కన్ను ఆనించే గాజు రూపాయి బిళ్ళంత. చుట్టూ మెత్తటి రబ్బరు అంచు, కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు కిందికి మడిచేసుకోవచ్చు. డ్రైవరు కిటికీవైపు తిప్పాడు. రబ్బరు ముక్క పెట్టాడు, వెనక కాగితం ఆనించాడు. కాగితం మీద ఏమీ కనబడలేదు, వట్టి వెలుగు. కాగితాన్ని ఇంకొంచెం వెనక్కి లాగాడు. బుల్లి కిటికీ తేటగా వచ్చి నిలబడింది. రబ్బరు ముక్క దాటి, ఇంకా కాస్త చోటు మిగిలింది.

షాపాయన ఊపిరి వదిలాడు. "ఇదే!"

ధర విన్నాక డ్రైవరు ఒక నిమిషం బయటి రోడ్డుకేసి చూశాడు. తర్వాత భార్యకి ఫోను చేశాడు. ఆవిడ ధర పూర్తిగా విననే లేదు. "అది లేకుండా ఉత్త చేతుల్తో వస్తే తలుపు తియ్యను," అని పెట్టేసింది.

ఐపీసు వచ్చిందని మబ్బులకి ఎవరు చెప్పారో, ఆ సాయంత్రమే కమ్ముకున్నాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఆకాశం తెరిపిచ్చిన రోజున ఇంకో తంటా వచ్చింది. కొత్త ఐపీసు బరువుకి టెలిస్కోపు వెనక్కి ఒరిగిపోయి మూతి ఆకాశంకేసి లేచిపోతోంది. ఎంత బిగించినా ఆగదు. డ్రైవరు ఒక పాత మేజోడులో డిపోనుంచి తెచ్చిన పాత నట్లు వేసి, ముందు మూతి కింద వేలాడగట్టాడు. ఒక నట్టు తీసి, ఇంకోటి వేసి, తక్కెడలా సరిచూసి సరిచూసి నిలబెట్టాడు. నిలబెట్టి తలెత్తేసరికి శని ఎదురింటి నీళ్ళట్యాంకు వెనక్కి దిగిపోయింది. ఇక రేపటినుంచి తమ మేడ మీదనుంచి కనబడే వీలు లేదు.

ఇంకెవరైనా అయితే అక్కడితో సరిపెట్టుకునేవాళ్ళు. డ్రైవరు మర్నాడు డిపో మేనేజరమ్మ గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ మాట కటువు. నవ్వగా చూసినవాళ్ళు డిపోలో లేరు.

"మేడమ్, మన వెనక ఆవరణ పడమటివైపు అంతా ఖాళీ. సాయంత్రం కాసేపు అక్కడ నా టెలిస్కోపు పెట్టుకోనివ్వాలి. ఆ పెద్ద దీపం కూడా కాసేపు ఆపాలి."

"దీపమా? బస్సులు వెనక్కి తిరిగేది అక్కడే. ఎవరైనా కింద పడితే?"

"చీకటి పడేవేళ ఒక బస్సు వెళ్ళాక ఇంకొకటి వచ్చేదాకా ఖాళీ ఉంటుంది మేడమ్. ఆ ఖాళీ ఎప్పుడో రోజూ మైకులో చెప్పేవాణ్ణి నేనే. బస్సు వస్తుంటే ముందే వెలిగించేస్తాం."

ఆవిడ అతని కళ్ళద్దాలకేసి కాసేపు చూసింది. "ఇంతకీ ఏం చూడాలి?"

"శనిగ్రహం చుట్టూ ఉంగరం. అందరూ చూశారు. నేను చూడలేదు."

"రేపు. నేనూ అక్కడే ఉంటాను. ఒక్కరు జారిపడినా బాధ్యత మీదే," అంది.

మర్నాడు భార్యా కూతురూ చెరోవైపు స్టాండు పట్టుకుని వచ్చారు. బావ కబురు విని షాపు మూసేసి వచ్చాడు. కడిగిన బస్సుల తడి ఇంకా ఆరని సిమెంటు నేల మీద, డీజిలు వాసనలో, టెలిస్కోపు నిలబెట్టాడు డ్రైవరు. మేజోడు కట్టాడు. పడమట ఇంకా లేత వెలుతురు ఉంది. రోడ్డవతలి గోదాముల కప్పుల పైన ఒకే ఒక్క పసుపు చుక్క. ఉన్నది కొంచెమే సేపు.

బస్సు వెళ్ళింది. మేనేజరమ్మ చెయ్యి ఊపింది. దీపం ఆరింది.

అతను ముందు తక్కువ పవరు ఐపీసుతో చుక్కని వెతికి, మధ్యకి తెచ్చి, తర్వాత కొత్తది దూర్చాడు. రబ్బరు అంచు కిందికి మడిచాడు. కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని వంగాడు. అద్దం దేనికీ తగల్లేదు. ఎదురుగా పెద్ద గుండ్రటి కిటికీ తెరుచుకున్నట్టు ఆకాశం మొత్తం ఒకేసారి కనబడింది, అంచులతో సహా. నేలకి దగ్గరగా ఉంది కాబట్టి గ్రహం నీళ్ళలో ఉన్నట్టు సన్నగా అదురుతోంది. ఫోకస్ మర మెల్లగా తిప్పాడు. ఉబ్బిన చుక్క కాస్తా చిక్కబడింది, ఇంకా చిక్కబడింది. అదురు ఒక్క క్షణం ఆగింది.

గుండ్రంగా ఉంది. దాని చుట్టూ ఉంగరం ఉంది. గుండ్రానికీ ఉంగరానికీ మధ్య ఇటూ అటూ చీకటి ముక్కలు రెండు, గోటితో గిల్లి తీసినట్టు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. చార లేదు. సాగడం లేదు.

మళ్ళీ అదిరింది, మళ్ళీ నిలిచింది. గ్రహం పక్కకి జరిగిపోతుంటే గొట్టాన్ని వేలితో కొద్దిగా నెట్టి వెంట పోయాడు, జనం నిండిన బస్సుని మలుపులో తిప్పినంత మెత్తగా.

"ఏమండీ?" అంది భార్య. "కనబడిందా?"

"ఆ నల్ల సందులున్నాయి చూడు," అన్నాడతను, కన్ను తీయకుండానే. "ఉంగరానికీ గ్రహానికీ మధ్య. అవి మీరెవరూ చెప్పలేదు నాకు. ఉంగరం, ఉంగరం అన్నారే గాని, దాని లోపల ఖాళీ ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు. ఆ ఖాళీలోంచి వెనకున్న ఆకాశం కనబడుతోంది..." జారిపోతున్న గ్రహం వెంట గొట్టాన్ని ఇంకాస్త నెట్టాడు.

బావ ముక్కు చీదాడు. డీజిలు వాసన పడలేదన్నాడు.

అందరూ వరసగా చూశారు. మేనేజరమ్మ చివర్లో వంగింది. తన కళ్ళద్దాలు తీయబోతే డ్రైవరు, "తీయకండి మేడమ్, పెట్టుకునే చూడండి," అన్నాడు. ఆవిడ చాలాసేపు చూసింది. లేచింది. అవతలినుంచి రావాల్సిన బస్సు హారను వినబడేదాకా ఇంకోసారి వంగి చూసింది.

దీపం వెలిగింది. బస్సు వెనక్కి తిరిగి నిలబడింది. మళ్ళీ ఖాళీ దొరికేసరికి శని గోదాముల వెనక్కి జారిపోయింది. ఇక ఈ సాయంత్రాలకి సెలవే.

డ్రైవరు ఐపీసు తీసి, మూత పెట్టి, కూతురివైపు తిరిగాడు. "పైన ఇంకేం ఉన్నాయమ్మా?"

కూతురు ఫోను చూసింది. "గురుగ్రహం ఉంది నాన్నా. పక్కన నాలుగు చందమామలు కూడా కనబడతాయట. కాని అది తెల్లవారుజామున, తూర్పున."

"మేడమ్," అన్నాడు డ్రైవరు, స్టాండు కాళ్ళు ముడుస్తూ, "వచ్చే నెలనుంచి నన్ను పొద్దుటి డ్యూటీలో వెయ్యండి. మొదటి బస్సు బయల్దేరకముందే నేనిక్కడ ఉంటాను."